పలుగురాయి జల్లెడ

పెళ్ళింట్లో భోజనాల వేళ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. బాజాలు ఒకవైపు, వడ్డించేవాళ్ళ కేకలు మరోవైపు, పిల్లల అల్లరి ఇంకోవైపు. అంత రొదలోనూ లోపలి గదిలో చంటిబిడ్డ కేరుమంటే తల్లికి ఇట్టే తెలిసిపోతుంది. ఆవిడ చెవిలో దేవుడు ఏదో జల్లెడ పెట్టాడు. పాపం, రేడియోకి పుట్టుకతో ఆ జల్లెడ లేదు. దాన్ని అమర్చడానికి మనుషులకు ఏళ్ళూ పూళ్ళూ పట్టింది.

అది లేకపోతే ఎంత ముప్పో 1912లో లోకానికి తెలిసొచ్చింది. ఏప్రిల్ 14 రాత్రి టైటానిక్ ఓడలో జాక్ ఫిలిప్స్ అనే వైర్‌లెస్ కుర్రాడు ప్రయాణికుల కబుర్లు కేప్ రేస్ కేంద్రానికి పంపిస్తున్నాడు. దగ్గర్లో ఉన్న కాలిఫోర్నియన్ ఓడ నుంచి సిరిల్ ఎవాన్స్, తాము మంచుగడ్డల మధ్య ఆగిపోయామని కబురు చేశాడు. ఆనాటి యంత్రాలు నిప్పురవ్వలతో పనిచేసేవి. ఒకళ్ళు నోరు విప్పితే ఆకాశమంతా వాళ్ళే! దగ్గరి ఓడ మోత చెవులు చిల్లులు పడేలా వచ్చి, దూరపు కేప్ రేస్ సన్నని చప్పుడును మింగేసింది. ఫిలిప్స్ విసుక్కుని ఊరుకోమన్నాడు. ఎవాన్స్ కాసేపు విని, పెట్టె కట్టేసి పడుకున్నాడు. కొద్ది నిమిషాలకే టైటానిక్ మంచుకొండను ఢీకొంది. సుమారు 1500 మంది పోయారు. తప్పంతా ఆ కుర్రాళ్ళదే అంటే నా మనసొప్పదు.

తర్వాత వచ్చిన రేడియోలకు బలం పెరిగింది. బలంతో పాటు అక్కర్లేని గోలా పెరిగింది. 1918లో అమెరికాకు చెందిన ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఒక ఉపాయం కనిపెట్టాడు. ఏ స్టేషను పట్టినా సరే, పెట్టె లోపల దాన్ని సెకనుకు ఇన్ని అని ఒకే లెక్క కంపనాలకు మార్చెయ్యడం. నాలుగూళ్ళ ధాన్యాన్నీ ఒకే వాకిట్లో పోయించినట్టన్నమాట. ఇక ఆ వాకిట్లో మంచి జల్లెడ ఒకటుంటే చాలు.

ఆ జల్లెడ రాతిలో దొరికింది. మన గుట్టల మీద తెల్లగా మెరిసే పలుగురాయి ఉంటుంది చూశారూ, అందులోనే స్వచ్ఛమైన స్ఫటికం. దాన్ని నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో క్యూరీ అన్నదమ్ములు, జాక్, పియరీ కనిపెట్టారు. అప్పటికి మేరీ క్యూరీ ఇంకా ఆ ఇంటి కోడలు కాలేదు. విద్యుత్తు ఇస్తే రాయి కంపిస్తుందని మరుసటేడు తేలింది. పల్చని బిళ్ళగా కోస్తే దానికంటూ ఒక స్వరం ఉంటుంది. ఆ స్వరం వినిపిస్తేనే పలుకుతుంది, మిగతావాటికి ఉలకదు పలకదు.

ఈ బిళ్ళతో రిసీవర్‌లో గోలను ఎలా వడగట్టాలో 1932లో జేమ్స్ లాంబ్ అమెచ్యూర్ల పత్రిక క్యు.ఎస్.టి.లో విడమరిచి చెప్పారు. అమెచ్యూర్లంటే జీతం కోసం కాక, పరీక్ష రాసి, లైసెన్సు పుచ్చుకుని, ఇష్టంకొద్దీ రేడియోలో మాట్లాడుకునేవాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యానికి ఈ బిళ్ళలు లక్షల్లో కావలసివచ్చాయి. బ్రెజిల్ నుంచి రాయి తెప్పించి, కోసి, వెంట్రుకవాసి తేడా లేకుండా అరగదీసిన అమెరికా ఫ్యాక్టరీల్లో ఆడవాళ్ళు చాలామంది. యుద్ధం ముగిశాక మిగిలిన బిళ్ళలు చవగ్గా అమ్మకానికొచ్చాయి. ఆ అమ్మల చేతుల్లో అరిగిన రాళ్ళనే అమెచ్యూర్లు కొనుక్కుని ఇంట్లో జల్లెడలు కట్టుకున్నారు.

1970లలో జపాను పెట్టెలొచ్చాయి. కెన్‌వుడ్ వారి టి.ఎస్.-520 లాంటివాటిలో మాటలకు సరిపడే జల్లెడ ముందే ఉండేది. దాని వెడల్పు సుమారు 2400 కంపనాలు. మోర్సు టక్కుటిక్కులకు అంత అక్కర్లేదు, 500 చాలు. ఆ సన్నజల్లెడ మాత్రం విడిగా కొని పెట్టుకోవాలి. మాటలకు రవ్వజల్లెడ, మోర్సుకు పిండిజల్లెడ! అగ్గిపెట్టెంత డబ్బా కోసం ఇంటాయన అంత డబ్బు తగలేస్తే ఏ ఇల్లాలైనా సణుగుతుంది. కాని అది పెట్టాక, పది కేంద్రాల కిచకిచలో ఒక్కటే విడిగా వినిపిస్తుంటే ఆయన ముఖం చూడాలి! 250 దాకా తగ్గించినవాళ్ళూ ఉన్నారు. మరీ సన్నమైతే టిక్కుటిక్కు గంట మోగినట్టు సాగిపోయి అక్షరాలు కలిసిపోతాయి. జల్లెడ పట్టే ఇల్లాలికి ఈ రహస్యం తెలుసు. కన్ను మరీ చిన్నదైతే మంచి పిండీ పైనే ఉండిపోతుంది.

ఇప్పటి కొత్త పెట్టెల్లో ఈ పని చాలావరకు చిప్పులో లెక్కలే చేస్తున్నాయి. అయినా పాత పెట్టెమీద మమకారం చావనివాళ్ళు ఇప్పటికీ రాతిజల్లెడ వెతికి తెచ్చి అతికించుకుంటున్నారు.

ఇంత పాటూ దేనికంటారా? 2004 డిసెంబరులో భారతీ ప్రసాద్ అనే ఆవిడ, మన హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున అండమాన్ వెళ్ళారు. అక్కణ్ణించి అమెచ్యూర్ గొంతు వినపడక ఏళ్ళు గడిచాయి. అందుకే ప్రపంచం నలుమూలల నుంచీ అందరూ ఒక్కసారే ఆవిణ్ణి పిలిచేవారు. ఆ కేకల్లోంచి ఒక్కొక్కరినే ఏరి బదులివ్వాలి. డిసెంబరు 26న సునామీ వచ్చింది. టెలిఫోన్లు మూగబోయాయి. సరదాకి మాట్లాడుకునేవాళ్ళంతా పక్కకు తప్పుకుని దారిచ్చారు. దీవుల్లో చిక్కుకున్నవాళ్ళు బతికే ఉన్నారన్న కబురును ఆవిడా, ఆవిడ బృందం ఒక్కొక్కటే రేడియోలో ఒడ్డుకు చేర్చారు. ఎక్కడో ఒక తల్లి ఆ కబురు విని, గుండెల మీద చెయ్యేసుకుని, రాత్రికి కాస్త ఎంగిలిపడి ఉంటుంది.