ద కంఫర్ట్ ఆఫ్ స్ట్రేంజర్స్ (1990 సినిమా)

ద కంఫర్ట్ ఆఫ్ స్ట్రేంజర్స్ పాల్ ష్రేడర్ దర్శకత్వంలో 1990లో వచ్చిన ఇంగ్లీషు సినిమా. ఇయన్ మెకెవన్ 1981లో రాసిన అదే పేరు గల నవల దీనికి ఆధారం. బుకర్ బహుమతి తుది జాబితా దాకా వెళ్లిన ఆ నవలకు నాటకకర్త హెరాల్డ్ పింటర్ స్క్రీన్‌ప్లే రాశాడు. సినిమాను కాన్స్ చలనచిత్రోత్సవంలో పోటీకి వెలుపల ప్రదర్శించారు.

నవలలో ఊరి పేరు ఎక్కడా ఉండదు. సినిమాలో అది వెనిస్. పెళ్లి కాని ఇంగ్లీషు జంట కాలిన్ (రూపర్ట్ ఎవరెట్), మేరీ (నటాషా రిచర్డ్‌సన్) తమ బంధం సంగతి తేల్చుకుందామని అక్కడికి వస్తారు. ఒక రాత్రి భోజనం దొరికే చోటు వెతుక్కుంటూ సందుల్లో దారి తప్పుతారు. తెల్ల సూటులో ఎదురైన రాబర్ట్ (క్రిస్టఫర్ వాకెన్) వాళ్లను తన బారుకు తీసుకెళ్లి, భారీకాయుడైన తన తండ్రి గురించీ చిన్నప్పుడు తనకు జరిగిన అవమానం గురించీ చెబుతాడు. మర్నాడు తన ఇంటికే తీసుకెళతాడు. వాళ్లు అక్కడ నిద్రపోయి లేచేసరికి విడిచిన బట్టలు కనిపించవు. మీరు నిద్రపోతుంటే చూస్తూ కూర్చున్నానని రాబర్ట్ భార్య కెరొలిన్ (హెలెన్ మిరెన్) ఏ సంకోచమూ లేకుండా చెబుతుంది. రాబర్ట్ ఉన్నట్టుండి కాలిన్ కడుపులో గుద్దుతాడు. ఇంత జరిగినా ఆ జంట గొడవ పడదు, మర్యాదగా సెలవు తీసుకుంటుంది.

సినిమాకు ఆయువుపట్టు ఆ తరువాతి భాగం. హోటలుకు తిరిగొచ్చాక ఇద్దరి మధ్య చల్లారిన మోహం మళ్లీ రగులుతుంది. రాబర్ట్ ఇంట్లో తాను చూసిన ఫొటో కాలిన్‌దేనని మేరీకి తడుతుంది. అయినా మళ్లీ ఆ గడప తొక్కుతారు. అమాయకత్వమే కారణమైతే ఇది మామూలు మోసం కథ అయ్యేది. ఇక్కడ నమ్మకం కంటే మొహమాటమూ, పైకి ఒప్పుకోలేని ఆకర్షణా బలమైనవి. కెరొలిన్ మేరీకి మత్తుమందు ఇస్తుంది, మేరీ కళ్లెదుటే రాబర్ట్ కాలిన్ గొంతు కోస్తాడు. ఎందుకు చంపావని పోలీసులు అడిగితే అతడు మళ్లీ తండ్రి కథే ఎత్తుకుంటాడు.

డాంటే స్పినొట్టి ఛాయాగ్రహణం, ఆంజెలో బదలమెంటి సంగీతం వెనిస్‌ను ఎంత అందంగా చూపిస్తాయో అంత ఊపిరాడనివ్వవు. దుస్తులు జార్జియో అర్మానీవి. హత్యకు కారణం విప్పి చెప్పకపోవడం కొందరు విమర్శకులకు రుచించలేదు. నిజానికి సినిమాకు బలం అదే. థియేటర్లలో మాత్రం పెద్దగా ఆడలేదు.