అచ్చారానికీ రిజిస్ట్రేషన్‌కీ మధ్య

మదురైలో మా ఇళ్లలో ఇంటి బేరం కుదిరితే "అచ్చారం ఇచ్చేశాం" అంటాం. అరవంలోంచి మన నోట్లోకి వచ్చి స్థిరపడిన మాట. ఆంధ్రావైపు చుట్టాలు సంచకారం అంటారు, హైదరాబాదువాళ్లు బయానా అంటారు. అమరకోశం దీన్ని సత్యంకారం అంది, అంటే మాటను నిజం చేసేది. కానీ మాట పూర్తిగా నిజమయ్యేది రిజిస్ట్రారు ఆఫీసులోనే. ఈ రెంటి మధ్యా నెలలు, ఒక్కోసారి ఏళ్లు జారిపోతాయి. ఆ ఆలస్యం ఎవరి నెత్తిన పడాలి? మన మదురైలోని ఒక ఇంటి తగాదాయే సుప్రీంకోర్టు దాకా వెళ్లి దీనికి జవాబు రాబట్టింది.

ముందు పాత సంగతి. వంద రూపాయలూ ఆ పైనా విలువ చేసే ఇల్లు రిజిస్టరు పత్రంతోనే చేతులు మారాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెప్పింది. అగ్రిమెంటు రాసుకున్నంత మాత్రాన కొనేవాడికి ఇంటిమీద హక్కు రాదనీ అందులోనే ఉంది. అతనికి వచ్చేది ఇల్లు రాయించుకోమని అడిగే హక్కు. మన పెద్దలు "అడ్వాన్సు ఇచ్చాం, ఇల్లు మనదే" అనుకునేవాళ్లు. చట్టం ఎన్నడూ అలా అనుకోలేదు.

గడువు విషయంలో మాత్రం కోర్టులు చాలాకాలం కొనేవాడి పక్షాన మెత్తగా ఉన్నాయి. 1915లో బొంబాయి నుంచి వెళ్లిన ఒక కేసులో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్, స్థిరాస్తి అమ్మకాల్లో రాసుకున్న తేదీ దాటినంతమాత్రాన బేరం చెడినట్టు కాదంది. భూమి ఎక్కడికీ పోదు కదా, నాలుగు నెలలు అటూ ఇటూ అయితే ఏం అన్న ధోరణి. ధరలు నిలకడగా ఉన్న రోజుల్లో అది సరిపోయింది.

ఇక మదురై ఇల్లు. 1978 డిసెంబరులో అరవై వేలకు బేరం కుదిరింది. అచ్చారం అయిదు వేలు. మిగతా సొమ్ము కట్టి ఆరు నెలల్లో పత్రం రాయించుకోవాలి. గడువు దాటింది. కొనేవాడు నోటీసు ఇచ్చింది 1981 జూలైలో. ఈలోగా ఊళ్లో ఇళ్ల ధరలు ఎక్కడికో వెళ్లిపోయాయి. దావా వేయడానికి చట్టం ఇచ్చిన మూడేళ్లు ఇంకా దాటలేదు, కాబట్టి గెలుపు తనదేనని అతను అనుకుని ఉండొచ్చు. 1997లో తీర్పు వచ్చింది. రాసింది మన తెలుగు న్యాయమూర్తి బి.పి. జీవన్‌రెడ్డిగారు. మూడేళ్ల గడువు ఉందికదా అని, ధరలు పెరిగే ఊళ్లో రెండున్నరేళ్లు కదలకుండా కూర్చున్నవాడికి పాత ధరకే ఇల్లు ఇప్పించడం న్యాయం కాదని తేల్చారు. అచ్చారం ఎంత చిన్న మొత్తమో కూడా లెక్కలోకి తీసుకున్నారు. తేదీయే సర్వస్వం కాకపోయినా, రాసుకున్న తేదీకి ఏదో ఒక విలువ ఉండాలి కదా అన్నది అందులోని సారం.

మాకు ఈ తీర్పు సబబుగానే తోస్తుంది. అయిదు వేలు పెట్టి రెండున్నరేళ్లు ఇంకొకరి ఇంటిని కట్టిపడేయడం అప్పుగా కూడా చవక బేరమే. కానీ ఆలస్యం అమ్మేవాడిదైతే? మన కుటుంబాల్లో ఎక్కువగా జరిగేది అదే: ఒక అన్నదమ్ముడు సంతకానికి రాడు, విల్లంగం సర్టిఫికెట్‌లో పాత తనఖా బయటపడుతుంది, అద్దెకున్నవాళ్లు ఖాళీ చేయరు. అప్పుడు కొనేవాళ్లు మొహమాటపడి నోటితో అడిగి ఊరుకుంటారు. "మనవాళ్లే కదా, నోటీసేంటి" అంటారు. కోర్టు చూసేది కాగితాన్ని. డబ్బు సిద్ధంగా ఉందని, రాయించుకోవడానికి తయారుగా ఉన్నామని గడువులోపలే రాసి పంపిన ఒక్క ఉత్తరం, పదిసార్లు ఇంటికెళ్లి కాఫీ తాగి అడిగి వచ్చినదానికన్నా బరువు.

2018 అక్టోబరు 1 నుంచి చట్టం మారింది. కోర్టు తన ఇష్టాన్ని బట్టి ఇల్లు రాయించమనడం, మాననడం అన్న పద్ధతి చాలావరకు తగ్గింది. అయినా కొనేవాడు మొదటినుంచీ సిద్ధంగా, సుముఖంగా ఉన్నాడని చూపాల్సిన భారం పోలేదు.

సంతకాలు పడ్డాక కూడా ఇంకో గడువు నడుస్తుంటుంది. పత్రాన్ని నాలుగు నెలల్లో రిజిస్ట్రారు ముందు పెట్టాలి. తప్పనిసరి కారణం ఉంటే జుల్మానాతో ఇంకో నాలుగు నెలలు. రిజిస్టరు ఎప్పుడైనా సరే, పత్రం చెల్లేది సంతకం పెట్టిన రోజునుంచే. మీ ఇంట్లో పాత క్రయపత్రాలుంటే తీసి చూడండి, రాసిన తేదీ ఒకటి, రిజిస్టరు ముద్ర మీది తేదీ ఇంకొకటి ఉండొచ్చు.