ఏడుగురు చాలు

జర్మనీలో చిన్న ఊళ్లకి కూడా ఒక ఫుట్‌బాల్ క్లబ్ ఉంటుంది. వందేళ్లు దాటినవి చాలా ఉన్నాయి. రెండు ప్రపంచ యుద్ధాలు, నాజీలు, దేశం రెండు ముక్కలవడం, అన్నీ చూసినవి. వాటిలో ఎక్కువ క్లబ్బులు చెప్పుకోదగ్గ కప్పేదీ గెలవలేదు. అయినా బతికున్నాయి. మనకేమో దేశంలోని పెద్ద కప్పులు గెలిచిన జట్టు ఒకటుండేది. దాని పేరు చెబితే నా వయసు వాళ్లు చాలామంది మొహం తెల్లగా పెడతారు. ఎందుకిలా?

ఆ జట్టు హైదరాబాద్ సిటీ పోలీస్. ఆడినవాళ్లకి ఆట జీతం ఇవ్వలేదు, పోలీసు ఉద్యోగం ఇచ్చింది. 1950లో మోహన్ బగాన్‌ని ఓడించి డ్యూరాండ్ కప్ గెలిచారు. అదే ఏడాది మొదలుపెట్టి 1954 దాకా, వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ పట్టుకొచ్చారు. 1954లో, 1957లో మళ్లీ డ్యూరాండ్. వీటన్నిటి వెనక ఉన్నది సయ్యద్ అబ్దుల్ రహీం అనే బడిపంతులు. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే తన్నాలని నియమం పెట్టి పోటీలు నడిపిన మనిషి.

1956 నవంబర్ 1న రాజధాని కర్నూలు నుంచి హైదరాబాద్‌కి వెళ్లిపోయింది. మా వైపు ఆ బాధ ఇంకా తీరలేదు. అదే నెలలో మెల్‌బోర్న్ ఒలింపిక్స్ మొదలయ్యాయి. రహీం కోచ్‌గా ఉన్న భారత జట్టు అక్కడ నాలుగో స్థానంలో నిలిచింది. తర్వాత పోలీసు జట్టు పేరు కూడా మారి ఆంధ్రా పోలీస్ అయింది. 1961 డ్యూరాండ్ గెలిచింది ఆ పేరు మీదే. అంటే, కాగితం మీద అది కర్నూలు, కడపల జట్టు కూడా. కానీ మావాళ్లకి అందులో ఓటు లేదు. ఆ మాటకొస్తే హైదరాబాద్ జనానికీ లేదు. అది డిపార్ట్‌మెంట్ జట్టు. ఒక పంతులు పట్టుదల మీద, కొందరు ఆఫీసర్ల ఇష్టం మీద నడిచింది.

1962లో రహీం శిక్షణలో భారత్ జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకం గెలిచింది. 1963 జూన్ 11న ఆయన క్యాన్సర్‌తో పోయారు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ కప్పు మళ్లీ తెలుగు నేలకి రాలేదు. హబీబ్, నయీముద్దీన్ లాంటి వాళ్లు కలకత్తా క్లబ్బులకి వెళ్లిపోయారు. అక్కడ క్లబ్బులున్నాయి మరి.

ఇది పాత కథే అనుకోడానికీ లేదు. 2019లో పుణె జట్టు మూతపడితే దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2022లో ఐఎస్‌ఎల్ టైటిల్ గెలిచింది. తర్వాత అప్పులు, చేతులు మారడం, చివరికి 2025లో దిల్లీకి తరలిపోవడం. స్టాండ్స్‌లో గొంతు పోయేలా అరిచినవాళ్లని ఒక్కమాట అడగాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

రాయలసీమలో ఫుట్‌బాల్ అంటే అనంతపురమే గుర్తొస్తుంది. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అక్కడ మొదలుపెట్టిన ఆర్‌డీటీ, పల్లెటూరి ఆడపిల్లల్ని కూడా గ్రౌండ్‌లోకి తెచ్చింది. ఆయన 2009లో పోయినా సంస్థ నిలబడింది. అది చిన్న విషయం కాదు. కానీ దాని డబ్బు ఎక్కువగా స్పెయిన్ దాతలది. ఆ ధార ఆగితే ఏంటన్న ప్రశ్న ఎప్పుడూ ఉండేదే.

పోలీసు శాఖ, కంపెనీ, ట్రస్టు. మూడిట్లోనూ ఇచ్చే చెయ్యి వేరు, ఆడే కాలు వేరు. ఒకే సర్వర్ మీద నడిచే సిస్టమ్ లాంటిది ఇది. నడిచినన్నాళ్లు బ్రహ్మాండంగా నడుస్తుంది.

జర్మన్ ఊరి క్లబ్ రిజిస్టరైన సంఘం. ఏడాదికింత చందా, మనిషికో ఓటు, ఏటా సర్వసభ్య సమావేశం. గ్రౌండ్‌లో గడ్డి కోసేదీ, మ్యాచ్ రోజు బీరు అమ్మేదీ సభ్యులే. దాన్ని అమ్మడానికి ఓనరంటూ ఉండడు. పెద్ద క్లబ్బుల్లో డబ్బున్నవాళ్లు వాటాలు కొన్నా, ఓట్లలో సగానికి పైన సభ్యుల చేతిలోనే ఉండాలని 1998లో అక్కడ నియమం పెట్టుకున్నారు.

అలాంటి సంఘం రిజిస్టర్ చెయ్యడానికి జర్మన్ చట్టం అడిగేది కనీసం ఏడుగురు సభ్యుల్ని. మన 1860 సొసైటీల చట్టం అడిగిందీ ఏడుగురినే. ఆంధ్రప్రదేశ్ 2001లో చేసుకున్న చట్టంలోనూ అదే అంకె.

కర్నూల్లోనో కడపలోనో ఏ ఆదివారం పొద్దున గ్రౌండ్‌కి వెళ్లినా అంతకంటే ఎక్కువమందే ఉంటారు. బంతి కూడా వాళ్లదే. చందా పుస్తకం ఒక్కటే లేదు.