సూర చేపల వేట: రీలు ఎంపికలో పట్టు సూత్రం

1898లో కాలిఫోర్నియాలోని శాంటా కాటలీనా ద్వీపం వద్ద చార్లెస్ హోల్డర్ 183 పౌండ్ల సూర చేపను గాలపు కర్రతో పట్టాడు. నాటి రీళ్లలో లోపలి డ్రాగ్ అమరిక లేదు. చేప పరుగెడితే పిడి వెనక్కి గిర్రున తిరిగి వేటగాని వేళ్లను గాయపరిచేది. 1913 నాటికి విలియం బోషెన్ ఆలోచన మేరకు రీలులోనే డ్రాగ్ అమరింది.

తరువాతి లివర్ డ్రాగ్ రీలులో మీటను జరిపేకొద్దీ పట్టు పెరుగుతుంది. వేటకు ముందే కాటాతో తూచి, దాన్ని దారపు బలంలో మూడో వంతుకు మించకుండా నిలుపుతారు. కనుక రీలును పరిమాణాన్ని బట్టి గాక, వేడెక్కినా ఆ పట్టు నిలకడగా ఉంటుందా అన్నదాన్ని బట్టి ఎంచుకోవాలి.

మన తీరంలో, పూడిమడక మత్స్యకారులు రెక్క సూరను చేతి గాలంతోనే వేటాడతారు. అక్కడ మీట పని అరచేతిది. ఆ నేర్పును కేవలం శ్రమగా గాక సాంకేతిక జ్ఞానంగా నమోదు చేయడం పరిశోధకుల బాధ్యత.