స్పోకెన్ ఇంగ్లీష్: ప్రతిదానికీ ‘డిఫికల్ట్’ అనేస్తున్నారా? ఏ కష్టానికి ఏ మాట వాడాలంటే..

ఆఫీసులో పని పెరిగినా, ఎగ్జామ్ పేపర్ టఫ్‌గా వచ్చినా, ఓనర్ అడ్వాన్స్ తిరిగివ్వకపోయినా.. చాలామంది నోట వచ్చేది ఒకటే మాట, ‘వెరీ డిఫికల్ట్’. అది తప్పు కాదు. కానీ ఇబ్బంది ఎలాంటిదో ఎదుటివాళ్లకు తెలియదు. పని ఎక్కువా? దారే లేదా? మనిషి మొండా? ఇంగ్లీష్‌లో ఒక్కోదానికి ఒక్కో మాట ఉంది. చాలావాటికి తెలుగులోనే జోడీ ఉంది కాబట్టి గుర్తుపెట్టుకోవడం ఈజీ.

టాల్ ఆర్డర్: అడిగింది మరీ ఎక్కువైనప్పుడు వాడాలి. వారం పనిని బాస్ రేపటికే కావాలంటే ‘ఇంపాజిబుల్’ అనకండి, అది చేయననే అర్థం ఇస్తుంది. ‘ఇట్స్ ఎ టాల్ ఆర్డర్, బట్ ఐ విల్ ట్రై’ అంటే కష్టమూ చెప్పినట్టే, ప్రయత్నిస్తానన్న మాటా ఇచ్చినట్టే.

అప్‌హిల్ బ్యాటిల్: ఏటికి ఎదురీదడం. అడుగడుగునా అడ్డంకులే, అయినా వదల్లేదు అని చెప్పడానికి.

టఫ్ నట్ టు క్రాక్: కొరకరాని కొయ్య. చిక్కు సమస్యకైనా, లొంగని మనిషికైనా సరిపోతుంది. అయితే ఆ మనిషి ముందు అనకపోవడమే మంచిది.

వాకింగ్ ఎ టైట్‌రోప్: కత్తి మీద సాము. రెండు పక్షాలనూ నొప్పించకుండా నెట్టుకురావాల్సినప్పుడు వాడాలి.

బిట్వీన్ ఎ రాక్ అండ్ ఎ హార్డ్ ప్లేస్: ముందు నుయ్యి, వెనుక గొయ్యి. రెండు దారులున్నా రెండూ చెడ్డవే.

క్యాచ్ 22: అనుభవం ఉంటేనే ఉద్యోగం, ఉద్యోగం ఉంటేనే అనుభవం. ఫ్రెషర్స్ అందరికీ తెలిసిన బాధే ఇది. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు అన్నట్టే. ఈ మాట 1961లో వచ్చిన జోసెఫ్ హెల్లర్ నవల పేరు నుంచి పుట్టింది. అందులో పిచ్చివాడైతే యుద్ధ విమానం ఎక్కక్కర్లేదు. కానీ ఎక్కనని అడిగితే ప్రాణభయం ఉన్నట్టు, అంటే పిచ్చి లేనట్టే! మళ్లీ ఎక్కాల్సిందే.

నో వాక్ ఇన్ ద పార్క్: నల్లేరు మీద నడక కాదు. ‘అంత ఈజీ ఏం కాదు’ అని తేలిగ్గా హెచ్చరించడానికి.

ఇవి ఎక్కడ వాడొద్దు?

వీటిలో ఎక్కువ భాగం మాటల్లో, ఫ్రెండ్లీ మెయిల్స్‌లో బాగుంటాయి. లీవ్ లెటర్, ఆఫీసు నోటీసు, ఫిర్యాదు లాంటి వాటిలో ‘ఛాలెంజింగ్’, ‘డిఫికల్ట్’ చాలు. భగీరథ ప్రయత్నం లాంటి పనికి ‘హెర్క్యులియన్ టాస్క్’ అని రాయొచ్చు. గ్రీకు వీరుడు హెర్క్యులిస్ చేసిన 12 సాహసాల నుంచి వచ్చిన మాట అది. మామూలు పనికి వాడితే మాత్రం అతిగా ఉంటుంది.

ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. కష్టపడతానని చెప్పాలంటే ‘ఐ వర్క్ హార్డ్’ అనాలి. పొరపాటున ‘ఐ హార్డ్‌లీ వర్క్’ అన్నారో, అసలు పనే చేయనని చెప్పినట్టే!