భయాన్ని దాచని రేసర్

1976 జర్మనీ గ్రాండ్ ప్రికి ఇంకా వారం రోజులుంది. తోటి ఫార్ములా వన్ డ్రైవర్ల ముందు నికీ లౌడా ఒక మాట పెట్టాడు. నూర్‌బర్గ్‌రింగ్‌లో ఎవరమూ కారెక్కొద్దు, అందరం కలిసి ఈ రేసును బహిష్కరిద్దాం అన్నాడు.

అడవుల మధ్య కొండలెక్కుతూ, లోయల్లోకి దిగుతూ సాగే ఆ ట్రాక్ పొడవు దాదాపు 22.8 కిలోమీటర్లు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ పక్కన జరిగిన ఫార్ములా-ఈ రేసు చూసిన హైదరాబాదీలకు ఈ లెక్క తేలిగ్గా అందుతుంది. అలాంటి ట్రాకులు ఎనిమిదింటిని ఒకదాని వెనక ఒకటి పేరిస్తే ఎంతో, ఇది అంత. అన్ని మైళ్ల పొడవునా మంటలార్పే మనుషుల్ని, సామగ్రిని, సహాయక వాహనాల్ని నిలబెట్టే స్తోమత నిర్వాహకులకు లేదన్నది లౌడా వాదన. అడవి నడుమ ఏ మలుపులోనో కారు అంటుకుంటే లోపలున్నవాణ్ని బయటికి లాగేదెవరు?

ఓటింగ్ జరిగింది. ఎక్కువమంది రేసు జరగాల్సిందేనన్నారు.

భయపడుతున్నాడని అతన్ని పక్కన పెట్టేద్దామంటే కుదరదు. ఆ ట్రాక్ మీద అందరికంటే వేగంగా నడిపిన మనిషి అతనే. అంతకుముందు ఏడాది, 1975లో, 6 నిమిషాల 58.6 సెకన్లలో చుట్టేసి, నూర్‌బర్గ్‌రింగ్‌ను ఏడు నిమిషాల లోపు పూర్తిచేసిన మొదటి డ్రైవర్‌గా నిలిచాడు. ఆ వేగంలో అక్కడ ఏం జరగగలదో అతని కంటే బాగా తెలిసినవాడు లేడు. ఓటు ఓడిపోయాక మాత్రం పేచీ పెట్టలేదు. అందరితోపాటు హెల్మెట్ పెట్టుకున్నాడు.

లౌడాది వియన్నాలో పేరున్న సంపన్న కుటుంబం. తాత హాన్స్ లౌడా పెద్ద పారిశ్రామికవేత్త. మనవడు కార్ల వెంట పడటం ఆయనకు ససేమిరా నచ్చలేదు. ఒక బ్యాంకు స్పాన్సర్ చేయడానికి ముందుకొస్తే తాతగారే అడ్డుపుల్ల వేశాడు. కుర్రవాడు వెనక్కి తగ్గలేదు. జీవిత బీమా పాలసీని హామీగా పెట్టి మరో బ్యాంకులో అప్పు తెచ్చి, ఆ డబ్బు కట్టి 1971లో మార్చ్ జట్టులో సీటు సంపాదించాడు. అప్పు మీద అప్పు పెరిగింది. గెలిచి తీర్చాలి, లేదంటే చావాలి. బ్యాంకుకు పాలసీ ఉంది కాబట్టి దానికి ఏదైనా ఒకటే.

1973లో బీఆర్‌ఎం జట్టులో అతని పక్కన నడిపిన క్లే రెగజోని ఫెరారీకి తిరిగి వెళ్తూ, ఈ కుర్రాణ్ని తీసుకోమని ఆ జట్టు అధిపతి ఎంజో ఫెరారీకి చెప్పాడు. ఇటలీలో ఎంజో మాటకు ఎదురాడిన డ్రైవర్లు అరుదు. లౌడా కారు నడిపి, దిగి, ఇది పనికిరాదని ముఖం మీదే చెప్పాడు. మధ్యలో తర్జుమా చేస్తున్న ఎంజో కుమారుడు హడలిపోయి, అలా అనకూడదన్నాడట. లౌడా తర్వాత స్వయంగా చెప్పుకున్న సంగతి ఇది. లోపం ఎక్కడుందో చెప్పాడు, సరిచేయించాడు, గంటల తరబడి టెస్టింగ్ చేశాడు. 1964 తర్వాత డ్రైవర్ల టైటిల్ ముఖం చూడని ఫెరారీకి 1975లో దాన్ని తెచ్చిపెట్టాడు. గెలిచిన కప్పుల మీద అతనికి మోజు లేదు. ఊళ్లో గ్యారేజీవాడికి ఇచ్చేసి, బదులుగా కారు ఉచితంగా కడిగించుకునేవాడు.

ఇక 1976 ఆగస్టు 1, ఆదివారం.

పొద్దున వాన పడింది. ట్రాక్‌లో కొంత తడి, కొంత పొడి. మొదటి వరుసలో మెక్‌లారెన్ డ్రైవర్ జేమ్స్ హంట్, పక్కనే లౌడా. ఒక్క యోఖెన్ మాస్ తప్ప ముందున్నవాళ్లంతా వాన టైర్లతో బయల్దేరారు. మొదటి ల్యాపు పూర్తయ్యేలోపే ట్రాక్ ఆరిపోతోందని తెలిసిపోయింది. లౌడా పిట్‌లోకి వచ్చి పొడి టైర్లు వేయించుకుని, పోగొట్టుకున్న సమయాన్ని రాబట్టుకోవాలని దూకుడుగా బయటికొచ్చాడు.

రెండో ల్యాపు. బెర్గ్‌వెర్క్ మలుపుకు ముందు, ఎడమకు తిరిగే వేగవంతమైన చోట, ఎర్ర ఫెరారీ వెనక భాగం ఒక్కసారిగా అదుపు తప్పింది. కారు కుడివైపుకు దూసుకెళ్లి గట్టును ఢీకొంది. కంచె చిరిగింది. మంటలు లేచాయి. ఆ మంటలతోనే కారు గిర్రున తిరిగి మళ్లీ ట్రాక్ మధ్యలోకి వచ్చి పడింది. దెబ్బకు లౌడా హెల్మెట్ తల మీంచి ఊడిపోయింది. కారు ఎందుకు అదుపు తప్పిందో ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. వెనక సస్పెన్షన్‌లో ఏదో విరిగి ఉంటుందన్నదే ఎక్కువమంది అనుమానం.

వెనకే వస్తున్న గై ఎడ్వర్డ్స్ తప్పించుకున్నాడు. బ్రెట్ లంగర్ తప్పించుకోలేకపోయాడు, అతని కారు వచ్చి ఫెరారీని గుద్దింది. ఆ ఇద్దరూ, ఆ వెంటనే ఆగిన హెరాల్డ్ ఎర్టల్, ఆర్తురో మెర్జారియో కార్లు దిగి మంటల వైపు పరుగెత్తారు. లౌడా భయపడింది ఈ చోటుకే, ఈ క్షణానికే. ఆ మలుపులో అతన్ని బయటికి లాగింది నిర్వాహకులు కాదు, అతనితో పోటీ పడుతున్న నలుగురు డ్రైవర్లు. మంటల్లోకి వంగి సీటు బెల్టు విప్పినవాడు మెర్జారియో. 1974లో లౌడా, రెగజోని వచ్చేదాకా ఫెరారీలో నడిపింది ఈ మెర్జారియోనే. తన జట్టులోకి వచ్చినవాణ్ని తన చేతులతో చావులోంచి లాగాడు. రేసింగ్ చరిత్రలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచే ఘట్టం ఇదే.

బయటికి లాగాక లౌడా లేచి నిలబడగలిగాడు. ముఖం, తల, చేతులు కాలాయి. కానీ ప్రాణం మీదికి తెచ్చింది ఆ కాలిన గాయాలు కావు. దాదాపు నిమిషం పాటు లోపలికి పీల్చిన విషపు పొగలు, వేడి గాలి ఊపిరితిత్తుల్ని మాడ్చేశాయి. అడెనౌ, లుడ్విగ్స్‌హాఫెన్, అక్కణ్నుంచి మాన్‌హైమ్ అంటూ ఆసుపత్రులు మారాయి. స్పృహ వస్తూ పోతూ ఉంది. పోతే పోయినట్టేనని అతనికి లోపల ఎక్కడో తెలుసు. అందుకే చుట్టూ వినిపించే గొంతుల్ని పట్టుకుని వేలాడానని, మెదడును నిద్రపోనివ్వలేదని తర్వాత చెప్పాడు. ఒకరోజు చర్చి ఫాదర్ వచ్చి, చావు అంచున ఉన్నవారికి చేసే కడపటి ప్రార్థన చేసి వెళ్లిపోయారు. బతుకుతావన్న మాట ఒక్కటీ లేదు. లౌడాకు కోపమొచ్చింది. ఆ కోపం మందులా పనిచేసిందేమో.

తొడ నుంచి చర్మం తీసి ముఖానికి అతికించారు. కుడి చెవి చాలావరకు పోయింది. కనురెప్పల్ని మళ్లీ తయారుచేయాల్సి వచ్చింది. అవి పనిచేసేందుకు అవసరమైన శస్త్రచికిత్స చాలన్నాడు. అందం కోసం ముఖాన్ని దిద్దించుకోలేదు. జీవితాంతం ఆ మచ్చలతోనే తిరిగాడు, నెత్తిన ఒక ఎర్ర టోపీతో.

ఆ పాత నూర్‌బర్గ్‌రింగ్ ట్రాక్ మీద ఫార్ములా వన్ గ్రాండ్ ప్రి మళ్లీ జరగలేదు. ఓటింగ్‌లో ఓడిన మాట ఆ విధంగా నెగ్గింది.

ఈలోగా ఫెరారీ అతని స్థానంలో కార్లోస్ రాయిటెమాన్‌ను తీసుకుంది. లౌడాకు తప్పిపోయింది రెండే రేసులు. సెప్టెంబరు 12న, ప్రమాదం జరిగిన ఆరు వారాలకు, ఇటలీలోని మాంజాలో ప్రత్యక్షమయ్యాడు. కట్లు కట్టిన తలకు సరిపడేలా హెల్మెట్ మార్పించుకున్నాడు. శుక్రవారం ప్రాక్టీసులో కారులో కూర్చోగానే భయం నిలువెల్లా పట్టేసింది. వేగం పెంచలేకపోయాడు. ఆ సంగతి తర్వాత అతనే చెప్పుకున్నాడు. మర్నాడు ఎవరితోనూ పోటీ లేదనుకుని నెమ్మదిగా మొదలుపెట్టాడు. ఒక్కో ల్యాపుకూ చేయి కుదురుకుంది. చివరికి మూడు ఫెరారీల్లో అతనిదే ముందుంది, అయిదో స్థానంలో. ఆదివారం రేసులో నాలుగోవాడిగా వచ్చాడు. దిగాక ముఖానికున్న ముసుగు తీస్తే, మానని గాయాలకు అంటుకుని నెత్తురుతో ఊడి వచ్చింది.

అందరూ ఇక్కడే ఆగి చప్పట్లు కొడతారు. కొట్టాల్సిందే. కానీ లౌడా ఎలాంటివాడో పూర్తిగా తెలియాలంటే ఇంకో ఆరు వారాలు ముందుకెళ్లాలి.

అక్టోబరు 24, జపాన్‌లోని ఫూజీ. ఏడాదిలో చివరి రేసు. లౌడాకు 68 పాయింట్లు, హంట్‌కు 65. ఆకాశం చిల్లు పడ్డట్టు వాన. ట్రాక్ మీద నీళ్లు పారుతున్నాయి, పొగమంచు కమ్మింది. ఇందులో ఎలా నడుపుతామని డ్రైవర్లు వాదించారు. ఆలస్యమైనా చివరికి రేసు మొదలుపెట్టారు. ముందు వెళ్లే కారు చక్రాలు లేపే నీటి తెరలో వెనకవాడికి ఏమీ కనిపించదు. లౌడాకు ఇంకో బాధ ఉంది. మళ్లీ కట్టిన కనురెప్పలు సరిగా పడవు, ఆ కళ్లతో నీటి తెరలోకి చూడటం మరీ కష్టం.

రెండు ల్యాపులు తిరిగాడు. పిట్‌లోకి వచ్చి కారు ఆపేశాడు.

ఇంజనీరు మౌరో ఫోర్గియేరి వంగి ఒక దారి చూపించాడు: ఇంజిన్ పాడైందని ప్రకటిద్దాం. మనసున్న మనిషి చేసే సాయమే అది. ఆ మాట అంటే పరువు దక్కేది, ఇటలీ పత్రికలు నోరెత్తేవి కావు. లౌడా వద్దన్నాడు. ఇంజిన్ బాగానే ఉంది, ఈ వానలో నడపడం పిచ్చితనం కాబట్టి నేనే ఆగాను, అదే చెప్పమన్నాడు. ఆ రోజు ఎమర్సన్ ఫిట్టిపాల్డి, కార్లోస్ పాచే, లారీ పెర్కిన్స్ కూడా స్వయంగా విరమించుకున్నారు. టైటిల్ ముంగిట నిలబడి ఆ పని చేసింది మాత్రం లౌడా ఒక్కడే.

రేసు ముగిసేదాకా ఉండకుండా విమానాశ్రయానికి బయల్దేరిపోయాడు. వెనక ట్రాక్ ఆరుతూ వచ్చింది. హంట్ టైరు దెబ్బతిని పిట్‌కు వెళ్లి, వెనకబడి, మళ్లీ పుంజుకుని మూడో స్థానంలో ముగించాడు. నాలుగు పాయింట్లు. హంట్ 69, లౌడా 68. ఒక్క పాయింటు తేడాతో టైటిల్ పోయింది. ఇటలీలో పిరికివాడన్నారు. మంటల్లోంచి వచ్చి నలభై రెండో రోజున కారెక్కినవాణ్ని పిరికివాడనడానికి వాళ్లకు నోరెలా వచ్చిందో!

1977లో మళ్లీ ఛాంపియన్ అయ్యాడు. టైటిల్ ఖాయం కాగానే, సీజన్ ఇంకా మిగిలి ఉండగానే ఫెరారీని వదిలేశాడు. 1979లో మాంట్రియల్‌లో ప్రాక్టీసు మధ్యలో కారు దిగి, ఇక చాలని ఇంటికెళ్లాడు. లౌడా ఎయిర్ అనే విమాన సంస్థ పెట్టాడు. 1982లో మెక్‌లారెన్‌తో తిరిగొచ్చి, మూడో రేసుకే గెలిచాడు. 1984లో తన కంటే రెండు రేసులు ఎక్కువ గెలిచిన జట్టు సహచరుడు అలెన్ ప్రాస్ట్‌ను అర పాయింటు తేడాతో వెనక్కి నెట్టి మూడోసారి ఛాంపియన్ అయ్యాడు. 72కు 71.5. ఫార్ములా వన్‌లో ఇంత తక్కువ తేడాతో టైటిల్ తేలడం మరెప్పుడూ లేదు.

1991 మే 26 రాత్రి అతని జీవితంలో అన్నిటికంటే నల్లటిది. బ్యాంకాక్ నుంచి వియన్నాకు బయల్దేరిన లౌడా ఎయిర్ బోయింగ్ 767 కాసేపటికే థాయిలాండ్ అడవుల్లో కూలింది. 223 మందిలో ఒక్కరూ మిగల్లేదు. లౌడా ఆ శకలాల మధ్యకు స్వయంగా వెళ్లాడు. రేసింగ్‌లో ప్రాణాన్ని పణంగా పెట్టడం తన సొంత నిర్ణయమని, తన సంస్థను నమ్మి టికెట్టు కొన్నవాళ్లు చనిపోవడం వేరని అతని బాధ. తప్పు తమదైతే సంస్థను మూసేస్తానన్నాడు.

దిగేటప్పుడు వేగం తగ్గించడానికి ఇంజిన్ గాలిని ముందుకు మళ్లించే ఏర్పాటొకటి ఉంటుంది, థ్రస్ట్ రివర్సర్. అది గాల్లో, పైకెక్కుతున్నప్పుడు, ఒక ఇంజిన్‌లో తనంతట తాను తెరుచుకుంది. అలా తెరుచుకున్నా పైలట్ విమానాన్ని కాపాడగలడన్నది అప్పటిదాకా ఉన్న నమ్మకం. లౌడా సిమ్యులేటర్‌లో కూర్చుని మళ్లీ మళ్లీ ప్రయత్నించాడు. ఒక్కసారీ నిలబెట్టలేకపోయాడు. అయితే నన్ను ఎక్కించుకుని నిజం విమానంలో ఆ రివర్సర్ తెరవండని బోయింగ్‌ను నిలదీశాడు. వాళ్లు ఒప్పుకోలేదు. పైలట్లు చేయగలిగింది ఏమీ లేదన్న సంగతి బయటికొచ్చింది. ఆ తర్వాత 767 విమానాల రివర్సర్లకు అదనపు తాళం అమర్చారు. ఆ తాళాల వెనకున్న పోరాటం సంగతి వాటిల్లో ఎక్కే ప్రయాణికులకు తెలియదు.

శరీరం మాత్రం అరిగిపోతూ వచ్చింది. 1997లో తమ్ముడు, 2005లో, ఆ తర్వాత భార్య అయిన బిర్గిట్ మూత్రపిండాలిచ్చారు. 2018 ఆగస్టులో ఊపిరితిత్తులు మార్చారు. మెర్సిడెస్ జట్టుకు పెద్దదిక్కుగా ఉంటూ, 2019 మే 20న, డెబ్బయ్యేళ్ల వయసులో కన్నుమూశాడు.

171 రేసులు, 25 విజయాలు, మూడు టైటిళ్లు. లౌడా కంటే వేగంగా నడిపినవాళ్లున్నారు, ఎక్కువ గెలిచినవాళ్లున్నారు. ప్రపంచ టైటిల్ చేతికందే దూరంలో ఉండగా, నమ్మదగిన అబద్ధం ఎదుట సిద్ధంగా ఉండగా, ఇంజిన్‌కేమీ కాలేదు, నేనే దిగాను అని చెప్పినవాడు నాకు తెలిసినంతలో నికీ లౌడా ఒక్కడే.