కుక్క గుణం చెప్పేదెవరు?

"ఈ కుక్క కరుస్తుందా, కరవదా?" అని వీధి గుమ్మంలో నిలబడి ఒక్క చూపులో తేల్చేస్తాం మనం. అలాంటి ఒక్క చూపు మీద ప్రాణం వుండడమో, పోవడమో తేలిపోయే చోటు ఒకటుంది. అదే దిక్కులేని కుక్కల శరణాలయం.

ఈ శరణాలయాల చరిత్రలో ఆడవాళ్ళ చెయ్యి పెద్దదే. 1860లో లండన్‌లో మేరీ టీల్బీ అనే ఆవిడ తప్పిపోయిన కుక్కలకి హాలోవేలో ఆశ్రయం తెరిచింది. నవ్వేవాళ్ళు నవ్వేరు. 1871లో అది బాటర్సీకి మారింది, ఈనాటికీ నడుస్తోంది. 1869లో అమెరికాలో ఫిలడెల్ఫియా స్త్రీలు కెరొలిన్ వైట్ నాయకత్వాన సంఘం పెట్టి, వీధికుక్కల్ని క్రూరంగా చంపే పద్ధతిని మాన్పించ పూనుకున్నారు. కాని వచ్చే కుక్కలెక్కువ, పెంచుకునే ఇళ్ళు తక్కువ. ఏది వుండాలి, ఏది పోవాలి అన్న బరువు ఆ దయగల వాళ్ళ నెత్తినే పడింది.

అందుకే తర్వాత స్వభావ పరీక్షలు వచ్చేయి. కుక్క తింటూండగా కర్రకి తగిలించిన బొమ్మచేత్తో గిన్నె లాగుతారు. పసిపిల్లంత బొమ్మని ఎదురుగా పెడతారు. మరో కుక్కని చూపిస్తారు. అది గుర్రుమందా, తోక ఆడించిందా అని రాసుకుంటారు.

2007 ఏప్రిల్‌లో వర్జీనియాలో మైకేల్ విక్ అనే ప్రఖ్యాత ఫుట్‌బాల్ ఆటగాడి స్థలంలో యాభైకి పైగా పందెపు కుక్కలు పట్టుబడ్డాయి. అలాంటివాటిని చంపెయ్యడమే అదివరకటి ఆనవాయితీ. పేరున్న జంతుసంరక్షణ సంఘాలు కొన్ని కూడా అదే సలహా ఇచ్చేయి. ఈసారి మాత్రం ఒక్కొక్కదాన్నీ విడివిడిగా పరీక్షించేరు. 49 కుక్కల్లో కోపిష్టిదని చంపమన్నది ఒక్కదాన్నే! రెబెకా హస్ అనే న్యాయశాస్త్ర అధ్యాపకురాలిని కోర్టు వాటికి సంరక్షకురాలిగా వేసింది. పోషణకి 9 లక్షల 28 వేల డాలర్లు విక్ చేతే కట్టించేరు. 22 కుక్కలు యూటాలోని ఆశ్రయానికి వెళ్ళేయి. కొన్ని పిల్లలున్న ఇళ్ళల్లో కలిసిపోయేయి, కొన్ని ఆశ్రయంలోనే కన్నుమూశాయి.

అలాగని పరీక్ష వేదవాక్కు కాదు. 2016లో ఇద్దరు పరిశోధకులు లెక్కలు కట్టి, శరణాలయంలో చేసే ఇలాంటి పరీక్ష బొమ్మా బొరుసా వేసి చూడడంకంటే మెరుగేం కాదన్నారు. ఆశ్చర్యమేముంది? పెళ్ళిచూపుల్లో గంటసేపు తలవంచుకు కూర్చున్న పిల్ల గుణం మనకేం తెలుస్తుందండీ? కొత్తచోట, చుట్టూ అరుపుల మధ్య బెదిరిపోయిన మూగజీవి సంగతీ అంతే.

మరి జాలిపడి, కరిచే కుక్కని చంటిపిల్లలున్న ఇంటికి పంపవచ్చా? అదీ తప్పే. నాలుగు రోజులు నడిపించి, ఆడించి, పాత యజమాని చెప్పింది విని, అప్పుడు నిర్ణయించాలి. అంతా చేశాక కూడా చివరికి సూది వెయ్యక తప్పకపోతే, ఆ చేతుల్ని కఠినమైనవనకండి. చూడకుండానే తీర్పు చెప్పడం, అదే అసలు కాఠిన్యం.